పాలిష్ లైన్‌లో మోటార్ తిరిగితేనే పీఎల్‌సీ–వీఎఫ్‌డీ కమ్యూనికేషన్ తెగిపోతోంది

తాడిపత్రి_మెయింటెనెన్స్

అందరికీ నమస్కారం. తాడిపత్రిలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ పని చూస్తాను. లైన్ బెల్ట్‌కు 5.5 కేడబ్ల్యూ మోటార్ ఉంది. 4 పోల్, 415 వోల్ట్, నేమ్‌ప్లేట్ మీద 11 ఆంప్స్. ఈ మధ్యే పాత స్టార్టర్ తీసేసి బయటి కాంట్రాక్టర్‌తో వీఎఫ్‌డీ (మోటార్ స్పీడ్ మార్చే డ్రైవ్), చిన్న పీఎల్‌సీ (ప్రోగ్రామ్‌తో మెషిన్‌ను నడిపే కంట్రోలర్), హెచ్ఎంఐ (ఆపరేటర్ స్క్రీన్) పెట్టించారు. స్టార్ట్, స్టాప్, స్పీడ్ మూడూ ఆర్ఎస్-485 సీరియల్ లైన్ మీద మోడ్‌బస్ ఆర్టీయూ మెసేజ్‌లుగానే వెళ్తాయి. 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్‌లు).

షిఫ్ట్‌లో కొన్నిసార్లు డ్రైవ్ కమ్యూనికేషన్ టైమ్‌అవుట్ అని ఫాల్ట్ చూపించి బెల్ట్ ఆగిపోతోంది. బెల్ట్ ఆగినా పైన పాలిష్ చేసే హెడ్‌లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి కింద ఉన్న బండ మీద గుండ్రంగా గుంత పడుతుంది. ఆ బండ ఇక పనికిరాదు. కాంట్రాక్టర్ వచ్చి ప్రోగ్రామ్ మళ్లీ లోడ్ చేశాడు, డ్రైవ్ కూడా మార్చాడు. కొత్త డ్రైవ్‌లోనూ అదే ఫాల్ట్. ఇప్పుడు పీఎల్‌సీ మార్చాలంటున్నాడు. ఓనర్ నన్నడుగుతున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కర్నూలు_ప్యానెల్_షాప్

పీఎల్‌సీ మార్చకు తమ్ముడూ. ముందు ఒక పరీక్ష చెయ్యి. మెయిన్ ఆఫ్ చేసి, డ్రైవ్ మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగు. సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు రాసి ఉంటుంది. డీసీ బస్ (డ్రైవ్ లోపల డీసీ నిల్వ ఉండే భాగం) టెర్మినల్స్ మధ్య మీటర్ పెట్టి వోల్టేజ్ నిజంగా దిగిందో లేదో చూడు, డిస్‌ప్లే ఆరిపోయింది కదా అని చెయ్యి పెట్టొద్దు. తర్వాత డ్రైవ్ అవుట్‌పుట్ టెర్మినల్స్ యూ, వీ, డబ్ల్యూ నుంచి మోటార్ కేబుల్ విప్పి, డ్రైవ్‌ను ఖాళీగా పీఎల్‌సీతో రన్ చెయ్యి. అప్పుడు కమ్యూనికేషన్ నిలుస్తుందా, తెగుతుందా చెప్పు.

ఇంకో విషయం. పీఎల్‌సీలో మోడ్‌బస్ టైమ్‌అవుట్ బిట్ ఉంటుంది. అది వచ్చినప్పుడల్లా ఒక కౌంటర్ పెరిగేలా ప్రోగ్రామ్‌లో ఒక లైన్ రాసి, హెచ్ఎంఐ మీద చూపించు. డ్రైవ్ ట్రిప్ అయ్యే లోపల ఎన్ని మెసేజ్‌లు పోతున్నాయో అప్పుడే తెలుస్తుంది. ట్రిప్ కోసం కాచుకుని కూర్చుంటే రోజంతా పోతుంది. కౌంటర్ ఉంటే ప్రతి మార్పుకూ ఐదు నిమిషాల్లో జవాబు దొరుకుతుంది.

కడప_రివైండింగ్

ఇంత దూరం ఎందుకన్నా. డ్రైవ్‌లో ఆ టైమ్‌అవుట్ పారామీటర్ సున్నా పెట్టేస్తే ఫాల్టే రాదు. ఒకటి రెండు మెసేజ్‌లు పోతే పోనీ, తర్వాతది అందుతుంది కదా. మా దగ్గర అట్లే నడుస్తున్నాయి.

ఎర్రగుంట్ల_ఇన్‌స్ట్రుమెంట్

దయచేసి అలా చేయొద్దు. సిమెంట్ ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తాను, ఈ విషయంలో కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

వీళ్ల లైన్‌లో స్టాప్ కూడా మోడ్‌బస్ మీదే వెళ్తోందని మొదటి పోస్టులోనే రాశారు. టైమ్‌అవుట్ తీసేశాక వైర్ తెగిపోయిందనుకోండి, లేదా పీఎల్‌సీ స్టాప్ మోడ్‌లోకి వెళ్లిందనుకోండి. డ్రైవ్‌కు చివరగా అందిన ఆర్డర్ 'రన్, 30 హెర్ట్జ్'. అది అదే పట్టుకుని తిరుగుతూనే ఉంటుంది. ఆపరేటర్ హెచ్ఎంఐ మీద స్టాప్ నొక్కుతాడు, స్క్రీన్ మీద 'స్టాప్' అని కూడా పడుతుంది, బెల్ట్ మాత్రం ఆగదు. బండ ఇరుక్కుంటే చేత్తో సర్దే మనుషులు ఆ లైన్ పక్కనే ఉంటారు. ఆగిందనుకుని చెయ్యి పెడతారు.

బండ పాడైతే నష్టం కొంత డబ్బు. రెండోది అలాంటి నష్టం కాదు.

తాడిపత్రి తమ్ముడూ, మీ ఎమర్జెన్సీ స్టాప్ బటన్ వైర్ ఎక్కడికి వెళ్తోంది? పీఎల్‌సీ ఇన్‌పుట్‌కు మాత్రమే అయితే మిగతాదంతా పక్కన పెట్టి ముందు దాని సంగతి చూడండి. ఆ బటన్ నొక్కితే పీఎల్‌సీ, ప్రోగ్రామ్, మోడ్‌బస్ ఏవీ మధ్యలో లేకుండా కరెంటు తీసేయాలి. డ్రైవ్‌లో ఎస్‌టీఓ (మోటార్‌కు టార్క్ వెళ్లకుండా ఆపే సేఫ్టీ ఇన్‌పుట్) టెర్మినల్స్ ఉంటే సేఫ్టీ రిలే ద్వారా వాటికి, లేకపోతే డ్రైవ్ ఇన్‌పుట్ వైపు కాంటాక్టర్‌కు.

కడప_రివైండింగ్

మీరు చెప్పింది అర్థమైందక్కా. కానీ చిన్న యూనిట్లలో లైన్ ఆగినప్పుడల్లా మేస్త్రీకి తిట్లు. అందుకే ఎవరైనా సున్నా పెట్టేస్తారు.

ఎర్రగుంట్ల_ఇన్‌స్ట్రుమెంట్

దానికీ దారి ఉంది. ఒకటే డ్రైవ్ ఉన్న చోట రన్, స్టాప్‌లను మోడ్‌బస్ మీద పంపాల్సిన పనే లేదు. పీఎల్‌సీ అవుట్‌పుట్ రిలే నుంచి డ్రైవ్ డిజిటల్ ఇన్‌పుట్‌కు రెండు వైర్లు లాగండి. స్పీడ్ ఇవ్వడానికి, కరెంట్ చదవడానికి మాత్రం 485 వాడండి. డెల్టా ఈఎల్ సిరీస్ లాంటి డ్రైవ్‌లో 02.00లో 3 పెడితే ఫ్రీక్వెన్సీ 485 నుంచి తీసుకుంటుంది, 02.01లో 1 పెడితే రన్ కమాండ్ టెర్మినల్ నుంచి తీసుకుంటుంది. వేరే కంపెనీల్లో నంబర్లు వేరు, కానీ ఈ రెండు సోర్స్‌లను విడివిడిగా పెట్టుకునే వీలు దాదాపు అన్నిట్లో ఉంటుంది. ఇలా చేస్తే కమ్యూనికేషన్ పోయినా స్టాప్ పనిచేస్తుంది. అయినా టైమ్‌అవుట్ ఉంచండి, ఫాల్ట్ వచ్చినప్పుడు ర్యాంప్‌తో, అంటే స్పీడ్ క్రమంగా తగ్గుతూ ఆగేలా పెట్టండి. ఆ ఫాల్ట్ కాంటాక్ట్‌ను హెడ్‌లను పైకి లేపే సర్క్యూట్‌కు కలిపితే బండ మీద గుంత కూడా పడదు.

కడప_రివైండింగ్

హెడ్‌లు లేపే సంగతి బాగుంది. సరే, రన్ కమాండ్ వైర్‌తో ఇవ్వడానికి నేనూ ఒప్పుకుంటా.

నా వైపు నుంచి ఒక మాట. మోటార్ కేబుల్ ఎలాగూ విప్పుతున్నావు కాబట్టి మోటార్‌కు మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టి చూడు. పాలిష్ లైన్‌లో నీళ్లు, స్లరీ టెర్మినల్ బాక్స్‌లోకి పోతాయి. 500 వోల్ట్ మెగ్గర్ చాలు. కేబుల్ డ్రైవ్ నుంచి పూర్తిగా విప్పాకే మెగ్గర్ పెట్టు. డ్రైవ్ కలిపి ఉంచి మెగ్గర్ తిప్పితే దాని లోపలి ఐజీబీటీలు (స్విచ్‌లలా పనిచేసే ట్రాన్సిస్టర్లు) పోతాయి. అట్లా పోయిన డ్రైవ్‌లు మా షాపుకు వస్తూనే ఉంటాయి.

తాడిపత్రి_మెయింటెనెన్స్

చేసి చూశాను. మెగ్గర్ బాగుంది, 50 మెగా ఓంల పైనే. మోటార్ విప్పి డ్రైవ్ ఖాళీగా నడిపితే కౌంటర్ ఒక్కటి కూడా పెరగలేదు, 50 హెర్ట్జ్ దాకా తీసుకెళ్లినా సరే. మోటార్ కలిపి రన్ ఇస్తే చాలు, కౌంటర్ పెరగడం మొదలు. రన్ ఆపగానే పెరగడం ఆగిపోతోంది.

ఎమర్జెన్సీ బటన్ పీఎల్‌సీ ఇన్‌పుట్‌కు మాత్రమే ఉంది. ఈ రోజే ఇన్‌పుట్ కాంటాక్టర్ కాయిల్‌లో సిరీస్ చేశాను. నొక్కి చూశాను, కాంటాక్టర్ పడిపోతోంది.

కర్నూలు_ప్యానెల్_షాప్

బటన్ పని ముందు చేశావు, మంచిది.

ఇప్పుడు నీ ప్రోగ్రామ్ మీదా పీఎల్‌సీ మీదా ఉన్న అనుమానం పోయింది. డ్రైవ్ ఖాళీగా ఉన్నప్పుడూ అదే ప్రోగ్రామ్, అదే వైర్, అదే బాడ్. మారింది మోటార్ కేబుల్‌లో కరెంట్ ఒక్కటే. ఇది నాయిస్. వైరింగ్ వివరాలు చెప్పు. మోటార్ కేబుల్ ఏ రకం, ఎంత దూరం? 485 వైర్ దేంట్లో పోతోంది? మోటార్ ఎర్త్ ఎక్కడికి కలిపారు? 485 వైర్ షీల్డ్ (చుట్టూ ఉండే లోహపు తొడుగు) ఎటువైపు కలిపారు? 485 లైన్ చివర రెసిస్టర్ ఉందా?

తాడిపత్రి_మెయింటెనెన్స్

మోటార్ కేబుల్ మామూలు మూడు సింగిల్ కోర్ వైర్లు, ఆర్మర్ లేదు, దూరం 25 మీటర్లు ఉంటుంది. హెచ్ఎంఐ, పీఎల్‌సీ ఆపరేటర్ డెస్క్‌లో ఉన్నాయి, డ్రైవ్ వేరే ప్యానెల్‌లో. 485 వైర్ మోటార్ వైర్లతో పాటే ఒకే ట్రేలో వస్తోంది, కొన్నిచోట్ల టైతో కలిపి కట్టారు. మోటార్ ఎర్త్ షెడ్డు పక్కన ఉన్న ఎర్త్ పిట్‌కు జీఐ పట్టీతో పోతుంది, డ్రైవ్‌కు తిరిగి రావట్లేదు. షీల్డ్ రెండు వైపులా కలిపి ఉంది. రెసిస్టర్ కనిపించలేదు.

ఎర్రగుంట్ల_ఇన్‌స్ట్రుమెంట్

ఇంకేం కావాలి, మొత్తం ఇందులోనే ఉంది.

ఎందుకలా అవుతుందో చెబుతాను, అర్థమైతే ఎక్కడికెళ్లినా పనికొస్తుంది. డ్రైవ్ లోపల మూడు ఫేజుల ఏసీ ముందు డీసీ అవుతుంది. 415ను 1.414తో గుణిస్తే దాదాపు 587 వోల్ట్‌లు. ఆ డీసీని ఐజీబీటీలు సెకనుకు వేలసార్లు కోసి మోటార్‌కు పంపుతాయి. కోసిన ప్రతిసారీ వోల్టేజ్ మైక్రో సెకను లోపలే సున్నా నుంచి దాదాపు 600కు ఎగురుతుంది. కేబుల్‌కూ నేలకూ మధ్య, మోటార్ వైండింగ్‌కూ బాడీకీ మధ్య సన్నని కెపాసిటెన్స్ ఉంటుంది. వోల్టేజ్ ఎగిరిన ప్రతిసారీ ఆ కెపాసిటెన్స్ గుండా ఒక కరెంట్ పోటు ఎర్త్‌లోకి దిగుతుంది. అది పుట్టిన చోటికి, అంటే డ్రైవ్‌కు తిరిగి రావాలి. మోటార్ నుంచి డ్రైవ్‌కు నేరుగా ఎర్త్ వైర్ ఉంటే దాని వెంటే వస్తుంది. మీ దగ్గర ఆ వైర్ లేదు. వాన నీళ్లు కాలువ లేకపోతే ఇళ్లలోంచి పారినట్టు, ఆ కరెంట్ ట్రే, షెడ్డు ఇనుము, ఎర్త్ పిట్, చివరికి రెండు వైపులా కలిపిన మీ 485 షీల్డ్, ఏది దొరికితే దాని మీదుగా వెళ్తుంది. 485లోని రెండు వైర్లు ఏ, బీల మధ్య వోల్టేజ్ తేడా 200 మిల్లీవోల్ట్‌లు దాటితేనే 485 రిసీవర్ దాన్ని ఒకటో సున్నానో గుర్తిస్తుంది. అంత చిన్న సిగ్నల్ పక్కనే ఇంత గోల జరిగితే మెసేజ్ చెడిపోకుండా ఎలా ఉంటుంది?

కాబట్టి మొదట మోటార్ కేబుల్ మార్చండి. నాలుగు కోర్ల షీల్డెడ్ కేబుల్ అయితే మేలు, దొరక్కపోతే ఆర్మర్డ్ కేబుల్. నాలుగో కోర్‌ను మోటార్ ఎర్త్ బోల్ట్ నుంచి డ్రైవ్ పీఈ (ఎర్త్) టెర్మినల్‌కు నేరుగా తీసుకురండి. షీల్డ్ లేదా ఆర్మర్‌ను రెండు వైపులా, మెటల్ గ్లాండుతో చుట్టూ పట్టేలా ఎర్త్ చేయండి. షెడ్డు దగ్గరి జీఐ పట్టీ తీయొద్దు. మోటార్ బాడీకి రెండు వేర్వేరు ఎర్త్‌లు ఉండాలన్నది రూలు.

485 షీల్డ్ సంగతి వేరు. దాన్ని పీఎల్‌సీ వైపు మాత్రమే కలపండి, డ్రైవ్ వైపు విప్పి టేప్ చుట్టేయండి. ట్విస్టెడ్ పెయిర్ వాడండి, పవర్ వైర్ల నుంచి కనీసం ఒక అడుగు దూరంగా వేరే పైపులో తీసుకెళ్లండి. దాటాల్సి వస్తే అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించండి. రెండు పరికరాల సిగ్నల్ గ్రౌండ్ టెర్మినల్స్‌ను ఇంకో వైర్‌తో కలపండి. ఇది చాలామంది వదిలేస్తారు.

అనంతపురం_పాలిటెక్నిక్

ఒక డౌట్ సార్. ఏ, బీ తారుమారైతే ఏమవుతుంది? మా ల్యాబ్‌లో ఒక పరికరం మీద ప్లస్, మైనస్ అని ఉంటుంది, ఇంకోదాని మీద ఏ, బీ.

కర్నూలు_ప్యానెల్_షాప్

కాలిపోదు, కమ్యూనికేషన్ రాదు, అంతే. విప్పి తిప్పి కలపడమే. మోడ్‌బస్ స్టాండర్డ్‌లో బీ అంటే ప్లస్, కొందరు తయారీదారులు ఏ అంటే ప్లస్ అని రాస్తారు. కాబట్టి అక్షరాన్ని నమ్మొద్దు, మాన్యువల్‌లో ప్లస్, మైనస్ చూసుకో.

రిజిస్టర్ (డ్రైవ్‌లో ఒక్కో విలువ ఉండే గడి) నంబర్ల దగ్గరా ఇలాంటిదే ఉంటుంది. మాన్యువల్‌లో 40001 అని ఉంటే కొన్ని పీఎల్‌సీల్లో 0 అని ఇవ్వాలి, కొన్నిట్లో 1. ఒకటి తేడాతో పక్క రిజిస్టర్ చదువుతావు, విలువ వింతగా వస్తుంది. ముందు నీకు తెలిసిన విలువ ఒకటి చదివి చూసుకో. ఉదాహరణకు డ్రైవ్ డిస్‌ప్లేలో 50.00 ఉన్నప్పుడు పీఎల్‌సీలో 5000 రావాలి.

తాడిపత్రి తమ్ముడూ, రెసిస్టర్ లైన్ రెండు చివర్లా 120 ఓంలు పెట్టు. అన్నీ ఆఫ్ చేసి ఏ, బీ మధ్య మీటర్ పెడితే 60 ఓంల చుట్టూ రావాలి. 120 చూపిస్తే ఒకటే ఉన్నట్టు. 40 చూపిస్తే ఎక్కడో మూడోది ఉన్నట్టు, కొన్ని హెచ్ఎంఐల లోపలే స్విచ్‌తో ఒకటి ఉంటుంది.

బేతంచెర్ల_కటింగ్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మాది కటింగ్ మెషిన్, పెద్ద బ్లేడ్, 22 కేడబ్ల్యూ. స్టార్ట్, రన్ బాగుంటాయి. స్టాప్ నొక్కితే ఓవర్ వోల్టేజ్ ట్రిప్. డిసెలరేషన్ 5 సెకన్లు పెట్టాం. కరెంట్ ఆఫీసు వోల్టేజ్ ఎక్కువిస్తోందని మా మేస్త్రీ అంటున్నాడు.

కర్నూలు_ప్యానెల్_షాప్

సప్లై వోల్టేజ్ ఎక్కువైతే రన్‌లోనూ, ఖాళీగా ఉన్నప్పుడూ రావాలి కదన్నా. స్టాప్‌లోనే వస్తోందంటే బ్లేడ్ పంపే వోల్టేజే. అంత బరువు 5 సెకన్లలో ఆగమంటే మోటార్ జనరేటర్‌లా మారి ఆ శక్తిని డీసీ బస్‌లోకి తోస్తుంది. డిస్‌ప్లేలో డీసీ బస్ వోల్టేజ్ పెట్టి స్టాప్ ఇచ్చి చూడు. 585 దగ్గర ఉన్నది ఎక్కుతూ పోయి 800 చుట్టూ ట్రిప్ అవుతుంది.

డిసెలరేషన్ 40 సెకన్లు పెట్టి చూడు, తర్వాత కొంచెం కొంచెం తగ్గించు. త్వరగా ఆగాలంటే బ్రేకింగ్ రెసిస్టర్ కావాలి. డ్రైవ్‌లో బ్రేకింగ్ చాపర్ (ఆ శక్తిని రెసిస్టర్‌లోకి పంపే స్విచ్) ఉందో లేదో ముందు చూసుకో, 22 కేడబ్ల్యూలో కొన్ని మోడళ్లకు అది బయట పెట్టాలి. ఓంలు మాన్యువల్‌లో చెప్పిన కనీసం కంటే తగ్గకూడదు. రెసిస్టర్ ప్యానెల్ లోపల పెట్టొద్దు, బాగా వేడెక్కుతుంది. కోస్ట్ స్టాప్ (బ్రేక్ లేకుండా దానంతట అదే ఆగేలా వదిలేయడం) పెడితే ట్రిప్ రాదు కానీ బ్లేడ్ చాలాసేపు తిరుగుతుంది, అంతవరకు గార్డు తెరవకుండా చూడాలి.

ఆదోని_జిన్నింగ్

వేడి మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. మాది జిన్నింగ్ మిల్లు, 15 కేడబ్ల్యూ డ్రైవ్. ఎండాకాలం మధ్యాహ్నం ఓవర్‌హీట్ ట్రిప్. ఇప్పటికి ప్యానెల్ తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి నడుపుతున్నాం.

ఎర్రగుంట్ల_ఇన్‌స్ట్రుమెంట్

తలుపు మూసేయండన్నా. ఫ్యాన్ గాలితో పాటు దూది నూగంతా హీట్‌సింక్‌లోకి తోస్తుంది. అది రెక్కల మధ్య పేరుకుంటే ఇంకా వేడెక్కుతుంది, పైగా నిప్పు భయం. తెరిచిన తలుపు వెనక 415 వోల్ట్‌లు ఉన్నాయి.

చాలా డ్రైవ్‌లకు పూర్తి రేటింగ్ 40 డిగ్రీల దాకానే. ఆ పైన డిగ్రీకి దాదాపు ఒక శాతం చొప్పున కరెంట్ తగ్గించుకోవాలని మాన్యువల్స్ చెబుతాయి. మన దగ్గర మేలో బయటే 43, 44 ఉంటుంది, ప్యానెల్ లోపల ఇంకో పది కలుపుకోండి. 15 కేడబ్ల్యూ డ్రైవ్ దానంతట అదే దాదాపు 400 వాట్ల వేడి వదులుతుంది. ముందు హీట్‌సింక్ ఫ్యాన్ తిరుగుతోందా చూడండి, కరెంట్ ఆపి నూగు ఊదించండి. క్యారియర్ ఫ్రీక్వెన్సీ (ఐజీబీటీలు డీసీని కోసే వేగం) 8 కిలోహెర్ట్జ్ ఉంటే 4కు దించండి. మోటార్ కొంచెం కూత పెడుతుంది, కానీ డ్రైవ్ చల్లబడుతుంది. కుదిరితే ప్యానెల్‌ను నూగు రాని గదిలోకి మార్చండి, అది అన్నిటికంటే మేలు.

తాడిపత్రి తమ్ముడూ, క్యారియర్ తగ్గిస్తే మీ నాయిస్ కూడా కొంత తగ్గుతుంది. అయితే అది చివర్లో చేయండి. ముందే చేస్తే ఏ మార్పు వల్ల బాగుపడిందో తెలియదు.

తాడిపత్రి_మెయింటెనెన్స్

ఆదివారం లైన్ ఆపి పని చేశాం. ఒక్కో మార్పు తర్వాత కౌంటర్ చూస్తూ వచ్చాను.

షీల్డ్ ఒకవైపు విప్పి, రెసిస్టర్లు పెడితే కొంచెం తగ్గింది. ఏ, బీ మధ్య 61 ఓంలు వచ్చింది. 485ను వేరే పీవీసీ పైపులో గోడ వెంబడి తీసుకెళ్తే బాగా తగ్గింది. మోటార్‌కు ఆర్మర్డ్ కేబుల్ వేసి, నాలుగో కోర్‌ను డ్రైవ్ పీఈకి కలిపాక దాదాపు ఆగిపోయింది. రన్ కమాండ్ ఇప్పుడు రిలే నుంచి వస్తోంది. టైమ్‌అవుట్ ఉంచాను, ఫాల్ట్ వస్తే హెడ్‌లు లేస్తాయి. ఓనర్ ముందే 485 ప్లగ్ పీకి చూపించాను, బెల్ట్ ఆగింది, హెడ్‌లు లేచాయి.

కానీ ఒకటి మిగిలింది. ఆపరేటర్ హెచ్ఎంఐ మీద స్పీడ్ మార్చినప్పుడు అప్పుడప్పుడు కౌంటర్ ఒకటి పెరుగుతోంది. మోటార్ ఆగి ఉన్నా పెరుగుతోంది.

కర్నూలు_ప్యానెల్_షాప్

మోటార్ ఆగి ఉన్నా వస్తే అది నాయిస్ కాదు, ఇప్పుడు ప్రోగ్రామ్ చూడాలి. స్టేటస్ చదివే ఇన్‌స్ట్రక్షన్ నడుస్తుండగానే స్పీడ్ రాసే ఇన్‌స్ట్రక్షన్ కూడా ఆన్ అవుతోందేమో చూడు. 485లో ఒకసారికి ఒకటే మాట్లాడాలి. జవాబు వచ్చాక, లేదా టైమ్‌అవుట్ అయ్యాకే రెండోది మొదలవ్వాలి. మెసేజ్‌కూ మెసేజ్‌కూ మధ్య మూడున్నర అక్షరాల నిశ్శబ్దం ఉండాలి. 9600 బాడ్‌లో అది 4 మిల్లీసెకన్లు, ఇరవై ఇస్తే నిశ్చింత.

స్టెప్ కౌంటర్ ఒకటి పెట్టు. సున్నా అయితే స్టేటస్ చదువు, ఒకటి అయితే కరెంట్ చదువు, రెండు అయితే స్పీడ్ రాయి, మళ్లీ సున్నా. స్పీడ్ మారినా మారకపోయినా ప్రతి రౌండ్‌లో రాస్తూనే ఉండు. డ్రైవ్‌కు కరెంట్ పోయి మళ్లీ వస్తే కూడా సరైన స్పీడ్ అందుతుంది.

తాడిపత్రి_మెయింటెనెన్స్

అదే జరిగింది అన్నా. స్పీడ్ బటన్ నేరుగా రైట్ ఇన్‌స్ట్రక్షన్‌ను ఆన్ చేస్తోంది. స్టెప్‌ల వారీగా మార్చాక కౌంటర్ కదల్లేదు, రెండు షిఫ్ట్‌లూ నడిచాయి. అక్కకూ, కడప అన్నకూ, అందరికీ థ్యాంక్స్.

రెండో లైన్‌కు కూడా ఇదే పీఎల్‌సీ నుంచి డ్రైవ్ పెట్టమంటున్నారు. 485 వైర్ పీఎల్‌సీ నుంచి రెండోది విడిగా లాగాలా?

కర్నూలు_ప్యానెల్_షాప్

విడిగా లాగొద్దు. మొదటి డ్రైవ్ టెర్మినల్ నుంచే రెండో డ్రైవ్‌కు తీసుకెళ్లు, గొలుసులాగా ఒకే వరుసలో పోవాలి. మొదటి డ్రైవ్ దగ్గరి 120 ఓంలు తీసి రెండో డ్రైవ్‌కు పెట్టు. రెండోదానికి అడ్రస్ 2 ఇవ్వు, బాడ్, ప్యారిటీ, స్టాప్ బిట్ మొదటిదానిలాగే. స్టెప్ కౌంటర్‌లో దానికి ఇంకో మూడు స్టెప్‌లు కలుపు. రౌండ్ పొడవు పెరుగుతుంది కాబట్టి రెండు డ్రైవ్‌ల టైమ్‌అవుట్ సమయం దానికంటే మూడు నాలుగు రెట్లు ఉందో లేదో చూసుకో. కరెంట్ ఇచ్చే ముందు ఏ, బీ మధ్య 60 ఓంలు మళ్లీ కొలువు.